మాయన్ కట్టడాల డాక్యుమెంటరీలు: ఏది నమ్మాలి, ఎక్కడ ఆపి చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నారు, మధ్య అమెరికా అడవుల్లో పాతకాలపు మాయన్ జాతి కట్టిన గుళ్లూ పిరమిడ్ల మీద టీవీలో వరసగా డాక్యుమెంటరీలు చూశారు. ఒకదాంట్లో గ్రహాంతరవాసులంటారు, ఒకదాంట్లో ఏడో శతాబ్దంలోనే సస్పెన్షన్ బ్రిడ్జి కట్టారంటారు, ఇంకోదాంట్లో లేజర్‌తో అడవి కింద నగరాలు దొరికాయంటారు. ఇనుము లేకుండా, బండి లేకుండా, ఎద్దూ గుర్రం లేకుండా అంత ఎత్తు ఎలా లేపారో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. వీటిలో ఏది నమ్మొచ్చు, ఏది చూడొచ్చు అని.

నేను పాత సున్నపు కట్టడాల మరమ్మతులు చూసే ఇంజనీర్ని. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం), గచ్చు (సున్నపు పూత), రాతిగోడల్లోకి దిగిన నీళ్లు, ఇవే నా రోజువారీ పని. మాయన్ల మీద ఆసక్తి కూడా నాకు సున్నం దగ్గరే పుట్టింది, కాబట్టి ఈ కార్యక్రమాలన్నీ ఆ కళ్లతోనే చూస్తాను, ఈ జవాబు కూడా అక్కణ్ణుంచే వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాయన్ ఇంజనీరింగ్ అంటే ముఖ్యంగా రెండు విషయాలు: సున్నం, నీళ్లు. గంట కార్యక్రమంలో ఈ రెండింటికీ కలిపి పది నిమిషాలు కూడా ఇవ్వకుండా బలులు, శాపాలు, రాజుల సమాధులు అంటూ తిప్పితే, ఎంత అందంగా తీసినా అది మీకు పెద్దగా పనికిరాదు. ఈ రెండింటి మీద నిలబడి మాట్లాడితే, అక్కడక్కడా అతిశయోక్తి ఉన్నా సరే, చూడండి.

దాదాపు ప్రతి డాక్యుమెంటరీ మాయన్లకు లేనివాటి జాబితాతోనే మొదలవుతుంది: ఇనుము లేదు, చక్రాల బండి లేదు, బరువులు లాగే పశువులు లేవు. అన్నీ నిజమే. అయితే ఆ జాబితా విన్న ప్రేక్షకుడికి "మరైతే అసాధ్యం కదా" అనిపిస్తుంది, గ్రహాంతరవాసుల కార్యక్రమాలు సరిగ్గా ఆ సందులోనే దూరతాయి. ఇంజనీరు అడగాల్సిన ప్రశ్న వేరు. వాళ్లకు ఏమేం ఉన్నాయి? దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్, హోండురస్ పడమటి భాగం, ఈ ప్రాంతంలో చాలావరకు కాలి కిందే సున్నపురాయి. గనిలోంచి అప్పుడే తీసిన సున్నపురాయి చాలాచోట్ల మెత్తగా ఉంటుంది, గాలికి ఆరాక గట్టిపడుతుంది. దాన్ని చెక్కడానికి ఇనుమే అక్కర్లేదు, చెకుముకి రాయి చాలు. బెలీజ్‌లోని కోల్హాలో ఆ చెకుముకి పనిముట్లు తయారుచేసిన స్థలాలే గుట్టలు గుట్టలుగా బయటపడ్డాయి. హోండురస్‌లోని కోపాన్‌లో సున్నపురాయి బదులు అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన రాయి వాడారు, అదీ చెక్కడానికి తేలికే. ఆ రాతిలో మధ్యమధ్య గట్టి గుండ్లు తగులుతాయి. అక్కడి శిల్పులు వాటిని తీయలేని చోట అలాగే వదిలేసి చుట్టూ చెక్కుకుంటూ పోయారు. కోపాన్ శిలాస్తంభాలను కెమెరా దగ్గరగా చూపించినప్పుడు ఆ ఉబ్బెత్తు గుండ్లు కనిపిస్తాయి, చూడండి. ఏ పనిముట్టుతో చెక్కారో అన్నదానికి సాక్ష్యం ఆ రాతి మీదే ఉంది.

మనుషుల సంగతి. ఇలియట్ ఏబ్రమ్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త కోపాన్‌లో రాయి తీయడం, మోయడం, చెక్కడం, గచ్చు వేయడం లాంటి ఒక్కో పనికీ ఎంత సమయం పడుతుందో విడివిడిగా లెక్కగట్టి, పదమూడో రాజు కాలంలో కట్టిన 22వ నంబరు భవనానికి సుమారు 25,000 పనిదినాలు పట్టి ఉంటాయని తేల్చాడు. వందమంది పనిచేస్తే 250 రోజులు. పొలం పని లేని నెలల్లో చేసుకుంటే రెండు మూడేళ్లలో అయిపోతుంది. ఆ ఒక్క లెక్క తెలిస్తే "వేలమంది బానిసలు తరాల తరబడి" అని వెనకనుంచి గంభీరంగా గొంతు వినిపించినప్పుడు మీరు కంగారుపడరు.

ఎత్తు విషయంలో కూడా టీవీ ఒక ముఖ్యమైన సంగతి తొక్కేస్తుంది. ఆ పిరమిడ్లలో చాలావాటిని ఒకేసారి కట్టలేదు. పాత గుడి మీద కొత్త గుడి, దాని మీద ఇంకోటి, తొడుగు మీద తొడుగు. మెక్సికోలోని చిచెన్ ఇట్సా అనే ఊళ్లో ఎల్ కాస్టియో పిరమిడ్ లోపల ఇంకో పిరమిడ్ ఉందని 1930ల్లోనే తవ్వి చూశారు. 2016లో మెక్సికో పరిశోధకులు భూమి విద్యుత్ నిరోధాన్ని కొలిచి దాని లోపల మూడోది కూడా ఉందన్నారు. కోపాన్‌లో 1989లో రికార్డో అగుర్సియా సొరంగం తవ్వుతూ 16వ నంబరు పిరమిడ్ కడుపులో రోజాలీలా అనే గుడిని చెక్కుచెదరని గచ్చు బొమ్మలతో సహా కనుక్కున్నాడు, ఎర్రరంగు ఇంకా దాని ఒంటి మీదే ఉంది. దాన్ని కూలగొట్టకుండా జాగ్రత్తగా పూడ్చి, మీద కొత్తది కట్టారు. ఈ నింపుడు పనే అసలు ఇంజనీరింగ్. లోపల అడ్డగోడలు లేపి, గళ్లుగళ్లుగా విడగొట్టి, ఒక్కో గడినీ రాళ్లూ మట్టితో నింపుకుంటూ పోయారు. అడ్డగోడలు లేకుండా ఆ మట్టంతా ఒకే కుప్పగా పోస్తే పక్కకు ఒత్తి బయటి గోడను ఉబ్బించేస్తుంది, మీకు రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) పాఠం అయిపోయి ఉంటే వెంటనే అర్థమవుతుంది. కెమెరా సొరంగంలోకి వెళ్లినప్పుడు పక్కగోడల్లో ఆ పొరలు కనిపిస్తాయి. నేనైతే అలాంటి షాట్లు ఆపి ఆపి చూస్తాను, సమాధిలో దొరికిన పచ్చరాతి (జేడ్) ముసుగు కంటే నాకు అదే విలువైనది.

ఇక సున్నం.

సున్నపురాయిని 800–900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలేది 56 కిలోలు. దాన్ని నీళ్లతో చల్లార్చి, వాడాక, గాలిలోంచి ఆ కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. ఇదంతా మీకు తెలిసిన కెమిస్ట్రీయే. మాయన్లు దీన్ని ఎలా చేశారన్నది చూడాల్సిన విషయం, ఎందుకంటే చాలాచోట్ల ఇటుక బట్టీ లాంటిదేదీ లేకుండా ఆరుబయటే కాల్చారు. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతపు పల్లెల్లో ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఈ పద్ధతి కనిపించింది కాబట్టి వివరాలు తెలుసు. పచ్చి కట్టెల్ని ఒకే పొడవుకు నరికి, వాటి చివరలు మధ్యకు చూసేలా గుండ్రంగా పేర్చుకుంటూ మనిషెత్తు దాకా లేపుతారు. నడిమధ్య నిలువుగా ఒక బొక్క వదులుతారు. పైన చిన్నచిన్నగా కొట్టిన సున్నపురాళ్లు గుట్టగా పోస్తారు. నిప్పు ఆ మధ్య బొక్కలో పెడతారు, బయటనుంచి కాదు. మంట లోపల్నుంచి బయటకు, సమానంగా పాకాలి. ఒక పక్క ముందు కాలితే గుట్ట ఒరిగి, రాళ్లన్నీ పక్కకు జారి సగం పచ్చిగా మిగిలిపోతాయి. పచ్చి కట్టె ఎందుకంటే అది నిదానంగా కాలుతుంది, రాయికి పూర్తిగా వేడి ఎక్కేదాకా కింద పేర్పు నిలబడుతుంది. అంతా సరిగ్గా జరిగితే చివరికి బూడిద మీద తెల్లటి కుప్ప కూర్చుంటుంది, రాత్రి మంచుకీ గాలిలో తేమకీ అదే పొడిపొడిగా విచ్చుకుంటుంది. సరిగ్గా పేర్చడం తెలియనివాడు దీన్ని చేయలేడు. ఇలా కాల్చడాన్ని మొదటినుంచి చివరిదాకా చూపించిన డాక్యుమెంటరీ ఏదైనా కనిపిస్తే వదలకండి.

ఆ సున్నంలో ఏం కలిపారన్నది మరీ ఆసక్తికరం. కోపాన్ గచ్చు వెయ్యేళ్లకు పైగా ఉష్ణమండల వానలకు తడిసి కూడా ఎలా నిలిచిందో స్పెయిన్‌లోని గ్రనడా విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. స్థానిక మేస్త్రీలు ఇప్పటికీ వాడే చుకుమ్, హియోతే అనే చెట్ల బెరడు నానబెట్టిన రసం కలిపి తాజాగా గచ్చు చేసి చూస్తే, దాని లోపలి నిర్మాణం పాత కోపాన్ గచ్చుకు దగ్గరగా వచ్చింది. బెరడు రసంలోని పదార్థాలు సున్నం గట్టిపడేటప్పుడు ఏర్పడే స్ఫటికాల్లోకి చేరి దాన్ని పగలకుండా, నీటికి కరగకుండా చేస్తున్నాయని వాళ్లు చూపించారు. మన దగ్గర డంగు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం పాకం కలపడం మీకు తెలిసే ఉంటుంది, ఇప్పటికీ పాత కట్టడాల మరమ్మతుకు మేం కలుపుతాం. రెండూ ఒకే రసాయనం అని నేననను. కానీ మధ్యలో మహాసముద్రం ఉన్నా, ఒకరి మాట ఒకరికి చేరకపోయినా, రెండు చోట్లా మేస్త్రీలు చెట్టు రసం దగ్గరకే వచ్చారు, ఆ సంగతి నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

సున్నానికి ఖరీదు కూడా ఉంది, అది కట్టెలు. గ్వాటెమాలా ఉత్తరాన ఎల్ మిరదోర్‌లో తవ్వకాలు నడిపిన రిచర్డ్ హాన్సెన్ వాదన ఏమిటంటే, అక్కడ గచ్చు పొరలు మందం పెరుగుతూ పోయాయి, దాని కోసం అడవిని నరికారు, నేల కొట్టుకుపోయి నీటి మడుగులు పూడిపోయాయి అని. దీన్ని అందరూ పూర్తిగా ఒప్పుకోలేదు, కాబట్టి టీవీలో "సున్నమే వాళ్లను ముంచింది" అని తేల్చి చెబితే కొంచెం ఆగండి. గ్వాటెమాలాలోని టికాల్ నగరపు దూలాల సాక్ష్యం మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది: అక్కడి పెద్ద గుళ్ల గుమ్మాల మీద సపోటా చేవ దూలాలు వేసేవారు, సుమారు 741లో కట్టిన నాలుగో గుడి తర్వాత కొంతకాలం అవి మాయమై, చిన్నగా వంకరగా పెరిగే వేరే చెట్టు కలప వచ్చింది. ఏ మేస్త్రీ కావాలని మంచి దూలం వదిలి వంకర దూలం వేయడు.

ఇప్పుడు ఆర్చ్ సంగతి. దాదాపు అన్ని కార్యక్రమాలూ "మాయన్లకు నిజమైన ఆర్చ్ తెలియదు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. వాళ్లది కార్బెల్ పద్ధతి: రెండు పక్కల గోడల్నుంచీ ఒక్కో వరస రాయిని కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంటూ పైకి వెళ్లి, చివర్లో మిగిలిన సందును ఒక రాయితో మూస్తారు. నిజమైన ఆర్చ్‌లో నడిమధ్య బిగించే ఆప్పురాయి, అంటే కీస్టోన్, ఇందులో లేదు. ఈ పద్ధతిలో వెడల్పు ఎక్కువ రాదు, అందుకే గదులు రెండు మూడు మీటర్ల వెడల్పుతో సన్నగా పొడుగ్గా ఉంటాయి, గోడలు లావుగా ఉంటాయి. ఇంతవరకూ సరే. కానీ యుకటాన్‌లోని పూక్ గుట్టల ప్రాంతపు శిథిలాలు ఎప్పుడైనా తెర మీద వస్తే అక్కడ ఆపండి. ఒక పక్క గోడ పూర్తిగా కూలిపోయి, రెండో పక్క సగం కప్పు మాత్రం గాల్లోకి వంగి అలాగే నిలబడి ఉన్న గదులు కనిపిస్తాయి. నిజమైన ఆర్చ్‌లో సగం పడిపోతే మిగతా సగం నిలబడుతుందా? నిలబడదు. మరి ఇదెలా నిలబడింది? ఎందుకంటే అక్కడ బరువు మోసేది పైకి కనిపించే రాళ్లు కావు, వాటి వెనక ఉన్న సున్నం-రాతిముక్కల కాంక్రీటు. ముఖం మీది రాళ్లు ఒకరకంగా తొడుగు మాత్రమే. వాటిని బూటు ఆకారంలో చెక్కి, తోకను లోపలి కాంక్రీటులోకి దిగేసేవారు. గట్టిపడ్డాక ఆ సగం కప్పు గోడతో కలిసి ఒకే ముద్దగా, కాంటిలీవర్‌లా (ఒక చివర మాత్రమే బిగించి గాల్లోకి చాచిన దూలంలా) పనిచేస్తుంది. "ఆర్చ్ తెలియదు" అన్న వాక్యం వదిలేసి "కాంక్రీటు తెలుసు" అని చెప్పే డాక్యుమెంటరీ కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

మెక్సికోలోని పలెంకే నగరం వాళ్లు ఇదే పద్ధతిని ఇంకో మెట్టు ఎక్కించారు. అక్కడ రెండు సన్నటి గదుల్ని పక్కపక్కన పెట్టి మధ్యలో ఒకే ఉమ్మడి గోడ వేశారు, రెండు కప్పులూ దాని మీద ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. బయటి వైపు కప్పును ఏటవాలుగా కోసేశారు, బరువు తగ్గింది. పైన అలంకారంగా లేచే ఎత్తైన రాతి శిఖరాన్ని కన్నాలు కన్నాలుగా కట్టి సరిగ్గా ఆ మధ్య గోడ మీద కూర్చోబెట్టారు. ఫలితంగా ముందు గోడ మీద లోడు తగ్గి వరసగా పెద్ద గుమ్మాలు పెట్టుకోగలిగారు, లోపలికి వెలుతురు వచ్చింది. టికాల్‌లో ఆ శిఖరం బరువు మోయడానికి వెనక గోడను భయంకరమైన మందంతో కట్టాల్సి వచ్చింది, లోపల గది ఇరుకైపోయింది. ఈ రెండు చోట్ల గుళ్ల సెక్షన్లు (నిలువుగా కోసినట్టు గీసే బొమ్మలు) పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఒక సాయంత్రం హాయిగా గడిచిపోతుంది.

పలెంకే అనగానే టీవీ పకాల్ రాజు సమాధి దగ్గరకు పరిగెడుతుంది. 615 నుంచి 683 దాకా పాలించిన రాజు. 1952లో అల్బెర్తో రూస్ ఆ సమాధిని తెరిచాడు. అంతకు ముందు కొన్ని సీజన్ల పాటు, గుడి నేలలోంచి కిందికి దిగే మెట్లదారిలో కావాలని నింపిన రాళ్లను ఎత్తిపోయడమే పని. ఆ శవపేటిక మెట్లదారిలో పట్టదు. అంటే ముందు పేటికను నేలమట్టాన పెట్టి, గది కట్టి, దాని మీద పిరమిడ్ లేపారు. మొత్తం నిర్మాణానికి వరస ముందే ఆలోచించి పెట్టుకున్నారన్నమాట. ఆ మెట్లదారి కార్బెల్ కప్పు పదమూడు శతాబ్దాలుగా పైనున్న పిరమిడ్ బరువు మోస్తోంది. ఇన్ని ఉండగా, పేటిక మూత మీది బొమ్మను నిలువుది అడ్డంగా తిప్పి, రాజు రాకెట్ నడుపుతున్నాడని చెప్పే కార్యక్రమాలు ఇంకా వస్తున్నాయి. ఆ మూత అంచు చుట్టూ ఉన్న రాతలో రాజువీ, ఆయన పూర్వీకులవీ మరణ తేదీలున్నాయి. పేటిక పక్కల మీద అదే పూర్వీకులు పండ్ల చెట్లతో కలిసి నేలలోంచి మొలుస్తున్నట్టు చెక్కారు. మధ్యలో ఉన్నది ప్రపంచ వృక్షం, అదే చెట్టు అదే ఊళ్లో ఇంకో గుడి ఫలకం మీద కూడా ఉంది. ఈ విషయాలు చెప్పకుండా ఒక్క మూత ఫొటో మాత్రమే చూపించారంటే ఛానల్ మార్చేయండి. మాయన్లు మన మయుడి వాళ్లే అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కథ కూడా అంతే, పేర్లు కలవడం తప్ప ఒక్క రాయి కూడా సాక్ష్యం లేదు.

నీళ్ల గురించి. టికాల్ దగ్గర నది లేదు. కింద సున్నపురాయి కాబట్టి పడిన వాన ఇంకిపోతుంది. ఏడాదిలో కొన్ని నెలలు వానలు దాదాపు ఉండవు. అలాంటి చోట వేలమంది ఎలా బతికారు? ఊరి మధ్యలోని ఆవరణలన్నీ గచ్చు చేసి, వాలు పెట్టి, పడిన ప్రతి చుక్కనీ చెరువుల్లోకి మళ్లించారు. రాజభవనం పక్కనున్న చెరువు కట్ట సుమారు 10 మీటర్ల ఎత్తు, 80 మీటర్ల పొడవు, దాని వెనక 75,000 ఘనపు మీటర్ల దాకా నీళ్లు. సిన్సినాటి విశ్వవిద్యాలయం బృందం 2012లో ఈ కట్ట వివరాలు ప్రచురించింది. అదే విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఇంకో చెరువులో జియోలైట్, స్ఫటికపు ఇసుక ఆనవాళ్లు చూపించారు. చుట్టుపక్కల దొరకని ఆ ఖనిజాల్ని సుమారు 30 కిలోమీటర్ల అవతలినుంచి తెచ్చి నీళ్లు వడగట్టడానికి వాడారని వాళ్ల వాదన. జియోలైట్ ఈ రోజుకీ ఫిల్టర్లలో వాడతాం. అదే ఏడాది ఇంకో ఫలితం కూడా వచ్చింది, అది బాధాకరమైనది: గుళ్లకీ భవనానికీ దగ్గరున్న చెరువుల మట్టిలో పాదరసం, విషపు నాచు జాడలు దొరికాయి. ఆ భవనాలకు పూసిన ఎర్రరంగు సింధూరపు ఖనిజం వానకు కడిగి వచ్చి చెరువులో చేరి ఉంటుందని అనుకుంటున్నారు. మంచి డాక్యుమెంటరీ ఈ రెండు చెరువుల కథలూ కలిపి చెప్పాలి. గొప్పతనం చెప్పేవాళ్లు మొదటిదీ, పతనం చెప్పేవాళ్లు రెండోదీ మాత్రమే తీసుకుంటున్నారు.

పలెంకేలో సమస్య తలకిందులు, అక్కడ ఊటలు మరీ ఎక్కువ. వాగుల్ని రాతి కాలువల్లో పెట్టి, పైన కప్పేసి, దాని మీద ఆవరణ చేసుకున్నారు. అందులో పియెద్రాస్ బోలాస్ అనే ఒక కాలువను పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచారు. నీళ్లు లోపలికి వెళ్లే చోట అడ్డుకోత వైశాల్యం సుమారు 0.9 చదరపు మీటర్లు, 60 మీటర్ల దిగువన బయటకు వచ్చే చోట సుమారు 0.05. మధ్యలో 6 మీటర్ల పల్లం. ఇంత పెద్ద గొట్టం అంత చిన్న మూతిలోకి కుదించారంటే నీటికి ఒత్తిడి వస్తుంది, ఆ ఒత్తిడితో నీళ్లు 6 మీటర్ల దాకా పైకి లేవగలవని లెక్క కట్టారు. ఫౌంటెన్ కోసమా, ఇంకేదైనానా అన్నది ఊహ. గ్రాఫిక్స్‌లో ఫౌంటెన్ చూపిస్తే అది గ్రాఫిక్స్ వాళ్ల ఎంపిక అని గుర్తుపెట్టుకోండి. కొలతలు మాత్రం నిజం.

ఇక మీరు ప్రత్యేకంగా అడిగిన వంతెన. మెక్సికో-గ్వాటెమాలా సరిహద్దులో ఉసుమసింతా నది ఒంపులో యష్‌చిలాన్ అనే పాత మాయన్ నగరం ఉంది. జేమ్స్ ఓకాన్ అనే అమెరికన్ ఇంజనీరు నదిలో ఉన్న రాళ్ల గుట్టల్ని వంతెన స్తంభాల అవశేషాలుగా భావించి, తాళ్లతో వేలాడే మూడు స్పాన్ల (ఆధారానికీ ఆధారానికీ మధ్య భాగాల) వంతెన ఉండేదని ప్రతిపాదించాడు. మధ్య స్పాన్ 60 మీటర్లకు పైనే. టీవీకి ఇది బంగారం, కంప్యూటర్ బొమ్మ గీస్తే కళ్లు చెదురుతాయి. లెక్కలు నేనూ వేసి చూశాను, నార తాళ్లతో అంత స్పాన్ సాధ్యమే, ఇంకాలు దక్షిణ అమెరికాలో గడ్డి తాళ్ల వంతెనలు కట్టారు కదా. కానీ సాధ్యం వేరు, సాక్ష్యం వేరు. తాడు, చెక్క కుళ్లిపోతాయి, మిగిలింది వరదల్లో కొట్టుకునే నది మధ్య రాళ్లు. చాలామంది మాయన్ పరిశోధకులు దీన్ని ఇంకా ఒప్పుకోలేదు. కాబట్టి "కట్టి ఉండొచ్చు" అన్న దగ్గర ఆగండి. పరీక్షలో రాయొద్దు.

చిచెన్ ఇట్సా మీద ఎక్కువ చెప్పను, టీవీ దానికి చాలినంత సమయం ఇచ్చింది. ఎల్ కాస్టియోకు నాలుగు పక్కలా ఒక్కోవైపు 91 మెట్లు, పైన ఒకటి, మొత్తం 365, ఇది బాగానే కుదురుతుంది. విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే) రోజున మెట్ల పక్కన పాము నీడ దిగడం నిజంగా కనిపిస్తుంది, కానీ ఆ ఒక్క రోజే కాదు, అటూ ఇటూ చాలా రోజులు కనిపిస్తుంది, పైగా మీరు చూసే నున్నటి ముఖాలు 1920, 30ల్లో పునరుద్ధరించినవి. చప్పట్లు కొడితే క్వెట్జల్ పిట్ట కూతలాంటి ప్రతిధ్వని వస్తుంది, అదీ నిజమే. కావాలని అలా కట్టారా అన్నది ఎవరూ నిరూపించలేదు, సన్నటి మెట్లవరస ఎక్కడున్నా అలాంటి ధ్వని కొంతైనా వస్తుంది.

లేజర్ అంటే లైడార్. విమానంలోంచి పంపిన కిరణాల్లో కొన్ని ఆకుల సందుల్లోంచి నేలదాకా వెళ్లి తిరిగొస్తాయి, వాటితో చెట్లు తీసేసిన నేల పటం గీస్తారు. గ్వాటెమాలాలో సుమారు 2,100 చదరపు కిలోమీటర్లు ఇలా చూసి 60,000 పైచిలుకు కట్టడాలు లెక్కపెట్టినట్టు 2018లో ప్రకటించారు, నేషనల్ జియోగ్రాఫిక్ ఆల్బర్ట్ లిన్‌తో దాని మీద కార్యక్రమం చేసింది. పని అద్భుతమైనదే. రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. పటంలో కనిపించే దిబ్బ ఏ శతాబ్దానిదో లైడార్ చెప్పదు, అది పారతో తవ్వి చెప్పాల్సిందే. జనాభా 70 లక్షల నుంచి 1.1 కోట్ల దాకా అన్నది ఆ పటాన్ని మిగతా ప్రాంతానికి కూడా వర్తింపజేసి వేసిన అంచనా, జనాభా లెక్క కాదు. నాకు లైడార్‌లో నచ్చేది నగరాలు కాదు, వాటి మధ్యనున్న ఎత్తైన బాటలు, మెట్ల పొలాలు, కాలువలు. వాటి గురించి ఎక్కువ చూపించిన భాగాలు వెతికి చూడండి.

ఏవి చూడాలంటే, నా వరస ఇదీ. మొదట పీబీఎస్ వాళ్ల నోవా సిరీస్‌లో 2001లో కోపాన్ మీద వచ్చిన "లాస్ట్ కింగ్ ఆఫ్ ది మాయ", సొరంగాలూ పొరల మీద పొరల కట్టుబడీ అర్థమవుతాయి. తర్వాత అదే సిరీస్‌లో 2008 నాటి "క్రాకింగ్ ది మాయ కోడ్". ఇది లిపి చదివిన కథ, ఇంజనీరింగ్ కాదు, అయినా చూడండి, ఎందుకంటే ఏ గుడి ఏ రాజు ఏ ఏడు కట్టాడో ఈ రోజు చెప్పగలుగుతున్నది ఆ రాతలు చదవగలిగినందుకే. 2006లో హిస్టరీ ఛానల్ "ఇంజనీరింగ్ ఏన్ ఎంపైర్" సిరీస్‌లో మాయన్ల భాగం, నటుడు పీటర్ వెల్లర్ చెప్పేది, గ్రాఫిక్స్‌కు చూడొచ్చు కానీ ఒక్కో మాటనీ సరిచూసుకోవాలి, పేరులోనే మరణసామ్రాజ్యం అని పెట్టారు కాబట్టి బలుల మోత ఎక్కువ. లైడార్ కార్యక్రమం చివర్లో. గ్రహాంతరవాసుల సిరీస్ పూర్తిగా వదిలేయండి, అది చూసే టైంలో ఒక సెక్షన్ గీసుకోవచ్చు.

వీటన్నిటిలో నన్ను నొప్పించే లోటు ఒకటుంది. "అదృశ్యమైన జాతి" అంటారు. మాయన్ భాషలు మాట్లాడేవాళ్లు ఇప్పుడు 60 లక్షలకు పైగా ఉన్నారు. సొరంగం తవ్వేది, గచ్చు చెక్కుచెదరకుండా కుంచెతో మట్టి తుడిచేది, విరిగిన రాయి ఎక్కడిదో చేత్తో తడిమి చెప్పేది చాలాచోట్ల వాళ్లే. కెమెరా వాళ్ల చేతుల్ని చూపిస్తుంది, పేరు మాత్రం తెర మీద వేయదు. గచ్చులో ఏ చెట్టు బెరడు కలపాలో గ్రనడా పరిశోధకులకు తెలిసింది స్థానిక మేస్త్రీల అలవాటు చూశాకే.

డాక్యుమెంటరీలు చూశాక టటియానా ప్రొస్కురియాకొఫ్ గీసిన బొమ్మలు వెతకండి. ఆమె చదివింది ఆర్కిటెక్చర్, 1930లో డిగ్రీ. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు లేని రోజుల్లో 1936లో డ్రాఫ్టింగ్ పనికి గ్వాటెమాలాలోని పియెద్రాస్ నెగ్రాస్ తవ్వకాలకు వెళ్లి, తర్వాత మాయన్ రాతల్లో ఉన్నది రాజుల చరిత్ర అని 1960లో నిరూపించింది. ఊళ్లు పూర్తిగా ఉన్నప్పుడు ఎలా ఉండేవో ఆమె గీసిన ప్రతి బొమ్మకూ పక్కనే ఇంకో గీత ఉంటుంది, తవ్వినప్పుడు నిజంగా మిగిలి ఉన్నది ఎంతో చూపిస్తూ. ఒక డాక్యుమెంటరీ గ్రాఫిక్ తీసుకుని, అదే భవనానికి ఆమె గీసిన రెండు బొమ్మలూ పక్కన పెట్టుకుని, ఏ గోడ తవ్వకంలో దొరికింది, ఏ గోడ ఊహ అన్నది పెన్సిలుతో గుర్తు పెట్టండి. అలా ఒక్క భవనం చేసి ఇక్కడ పెడితే నేను చూసి చెబుతాను. కోపాన్‌తో మొదలుపెట్టండి, దానికి సమాచారం ఎక్కువ దొరుకుతుంది.